తిరిగి చూచిన వైద్యుడు: థియొడోర్ కోఖర్

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 15:36–41

పౌలును బర్నబాయు తమ మొదటి సువార్త ప్రయాణము ముగించుకొని అంతియొకయకు వచ్చి కొంతకాలము అక్కడ నిలిచిరి. జరిగినదంతయు సంఘమునకు వివరించిరి. యెరూషలేములో పెద్దల సభయు జరిగెను. మరియొకరైనయెడల అంతటితో తృప్తి చెందియుందురు. పౌలునకు మాత్రము ఒక తలంపు పుట్టెను. మునుపు తాము బోధించిన ఊళ్లకు మరల పోవలెను, అక్కడ నమ్మినవారి స్థితి ఇప్పుడెట్లున్నదో కన్నులార చూడవలెను. ఈ మాట మేము అనేకసారులు చదివితిమిగాని దానిమీద ప్రసంగము చేసినది బహు తక్కువ. ప్రకటించుట, బాప్తిస్మమిచ్చుట మనకు పండుగలు. తిరిగి పోయి చూచుటకు పండుగ లేదు.

ఈ మాసము మేము వ్రాయబూనినది అట్లు తిరిగి చూచిన ఒక వైద్యుని జీవితము. నేడు మన సంఘములలో థైరాయిడ్ అను మాట వినబడని వీధి లేదు. తల్లులు ఉదయమే లేచి పరగడుపున ఆ చిన్న మాత్ర వేసికొనుచున్నారు. ఆ గ్రంథి లేకపోయినయెడల మనుష్యునికేమగునో లోకము తెలిసికొనుటకు ఈ వైద్యుడు చేసిన ఒక తప్పును, ఆ తప్పును ఆయన దాచకపోవుటయు గొప్ప కారణములాయెను.

థియొడోర్ కోఖర్ 1841 ఆగస్టు 25వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బెర్న్ నగరమున జన్మించెను. తండ్రి ఇంజనీరు. తల్లి మొరేవియను సహోదరుల సంఘమునకు చెందిన భక్తురాలు. మొరేవియనులు ఎవరో మన చదువరులలో పెద్దలకు తెలియును. వారు హింసలకు చెదరిపోయి, 1722లో జర్మనీ దేశమున జిన్‌జెండార్ఫ్ ప్రభువు భూమిమీద హెర్న్‌హుట్ అను గ్రామము కట్టుకొని, 1732లో వెస్టిండీసు ద్వీపములలోని బానిసలయొద్దకు మిషనెరీలను పంపినవారు. సముద్రమున తుపాను రేగినప్పుడు భయపడక కీర్తనలు పాడి జాన్ వెస్లీగారిని ఆశ్చర్యపరచినవారును వీరే. అట్టి తల్లి ఒడిలో పెరిగిన బాలుడు వృద్ధాప్యమువరకు ఆ విశ్వాసమును విడువలేదు. పని సఫలమైనను విఫలమైనను దేవుని చేతిలోనిదేయని ఆయన నమ్మిక.

బెర్న్ విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము చదివి 1865లో డాక్టరు పట్టము పొందెను. తరువాత బెర్లిను, లండను, పారిసు నగరములకు పోయి అచ్చటి గొప్ప వైద్యుల పని చూచి వచ్చెను. 1869లో మేరీ విట్షి అను ఆమెను వివాహమాడెను. వారికి ముగ్గురు కుమారులు. 1872లో, ఇంకను ముప్పదియొకటవ యేట నుండగానే, బెర్న్ విశ్వవిద్యాలయమున శస్త్రచికిత్సాచార్యుడుగా నియమింపబడి, ఇన్సెల్ అను పేరుగల అక్కడి పెద్ద వైద్యశాలలో పని చేపట్టెను. మరి నలువదియైదు సంవత్సరములు ఆ చోటు కదలలేదు.

ఆ దేశమున ఆ కాలమందు ఏ గ్రామమునకు పోయినను గళగండము కనబడెడిది. గొంతు ముందుభాగము వాచి, కొందరికి నిమ్మకాయంత, కొందరికి కొబ్బరికాయంత కణితి వ్రేలాడుచుండెను. కణితి మిక్కిలి పెరిగినయెడల గాలిగొట్టము నొక్కబడి, రోగి పరుండి నిద్రింపలేక కూర్చుండియే రాత్రులు గడపుచుండెను. కొన్ని లోయలలో పిల్లలు పుట్టుకనుండియే ఎదుగుదల లేక, చెవుడును మూగతనమును గలవారై, బుద్ధి వికసింపక జీవించుచుండిరి. ఆ దేశపు మంటిలోను నీటిలోను అయొడిన్ అను పదార్థము మిక్కిలి తక్కువ. పూర్వకాలపు మంచుప్రవాహములు నేల పైపొరను గోకివేయగా అది వర్షములకు కొట్టుకొనిపోయి సముద్రము చేరెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ సంగతి కోఖర్ యౌవనకాలమున స్థిరపడలేదు. వైద్యులకు కనబడినది కణితి మాత్రమే.

ఆ కణితిని కోయుట ప్రాణాపాయము. ఆ గ్రంథిలో రక్తనాళములు దట్టముగా నల్లుకొనియుండును. కత్తి తగిలినచోట నెత్తురు కట్టలు తెంచుకొనును. నెత్తురు ఆగినను పుండు చీముపట్టి రోగి మరణించును. ఫ్రాన్సు దేశపు వైద్య పరిషత్తు అట్టి శస్త్రచికిత్స కూడదనియే నిషేధించెను. బిల్‌రోత్ అను మహావైద్యుడు జూరిచ్ నగరమున దీనికి పూనుకొని, ఇంచుమించు పదిమందిలో నలుగురు మరణింపగా, చాలకాలము ఆ పని మానివేసెను.

కోఖర్ మానలేదు. ఇంగ్లాండు వైద్యుడైన లిస్టరు క్రొత్తగా బోధించుచున్న క్రిమినాశక పద్ధతిని ఖండితముగా పాటించెను. త్వరపడువాడు కాడు. మెడ ముడతవెంబడి కోసి, ఒక్కొక్క రక్తనాళమును పట్టి కట్టి, తరువాతనే ముందుకు సాగెడివాడు. నెత్తురు చిందని శస్త్రచికిత్సయే ఆయన గురుతు. నాళములను పట్టుటకు ఆయన చేయించిన పండ్లుగల పట్టకారు నేటికిని ఆపరేషను గదులలో ఆయన పేరనే పిలువబడుచున్నది. మరణములు ఏటేట తగ్గినవి. 1912 నాటికి ఆయన చేసిన గళగండ శస్త్రచికిత్సలు అయిదువేలు దాటగా, మరణములు వేయింటికి అయిదు వరకు దిగినవి. పల్లెలనుండి రోగులు బండ్లమీద బెర్న్ నగరమునకు వచ్చి, తేలికపడిన మెడతో, స్వేచ్ఛగా శ్వాసించుచు ఇండ్లకు పోవుచుండిరి. వైద్యుడు దేవునికి స్తోత్రము చెల్లించి తరువాతి రోగిని పిలుచుచుండెను.

ఇండ్లకు పోయినవారు పిమ్మట ఎట్లుండిరి? ఆ ప్రశ్న ఎవరును వేయలేదు.

1874 జనవరిలో పదునొకండేండ్ల బాలిక యొకతె ఆయనయొద్దకు తేబడెను. ఆమె గళగండమును కోఖర్ మొత్తముగా, ఆ గ్రంథిలో ఏమియు మిగులకుండ, తీసివేసెను. ఆ రోజులలో ఆ గ్రంథి యెందుకున్నదో తెలియదు. స్త్రీల మెడకు అందమిచ్చుటకని కొందరు, మెదడునకు పోవు రక్తమును సరిచేయుటకని కొందరు ఊహించుచుండిరి. పనికిరానిదని తోచినదానిని పూర్తిగా తీసివేయుటయే మేలుగా కనబడెను. పుండు చక్కగా మానెను. అయితే కొలదికాలమునకే ఆ బాలికను చూచుచుండిన వైద్యుడొకడు, పిల్ల స్వభావము మారిపోయినదని కోఖరునకు తెలియజేసెను. చురుకుగా నుండిన పిల్ల మందముగాను మొద్దుగాను అయ్యెను.

కోఖర్ ఆ సమాచారమును విని ఏమి చేసెను? ఇక్కడ మనము ఆయనను మహాత్మునిగా చేసి వ్రాసినయెడల అది సత్యము కాదు. ఆయన ఏమియు చేయలేదు. తన పనిలో సాగిపోయెను. ఎనిమిది సంవత్సరములు గడచెను. ఈ యెనిమిది సంవత్సరములలో మరి కొందరి గ్రంథులు మొత్తముగా తీసివేయబడెను.

1882 సెప్టెంబరులో జెనీవా నగరమున ఒక వైద్య మహాసభ జరిగెను. అక్కడి శస్త్రవైద్యుడు రెవెర్డిన్ అను ఆయన కోఖరుతో మాటలాడుచు, గ్రంథిని పూర్తిగా తీసివేసిన తన రోగులలో కొందరు కొన్ని నెలలకు బలహీనులై వాచిపోయి మందమతులగుచున్నారని చెప్పి, మీ రోగులు ఎట్లున్నారని అడిగెను. దావీదునొద్దకు వచ్చిన నాతాను కథవలె ఇది మాకు తోచును. ఒక సామాన్యమైన ప్రశ్న. కోఖరుయొద్ద జవాబు లేదు.

ఆయన బెర్న్ నగరమునకు తిరిగి వచ్చి, తాను శస్త్రచికిత్స చేసిన వారందరి పేర్లు తీసి, వచ్చి కనబడుడని వారికి కబురు పంపించెను. మొత్తము గ్రంథి తీసివేయబడినవారు ముప్పదినలుగురు. వారిలో పదునెనిమిదిమంది పరీక్షకు దొరికిరి. ఆ పదునెనిమిదిమందిలో ఇద్దరు మాత్రమే బాగుగా నుండిరి. పదునారుగురి స్థితి చూడ శక్యము కాదు. అవయవములు బరువై నడక మందగించినది. ముఖమును చేతులును ఉబ్బియున్నవి. ఎండలోను చలి పుట్టుచున్నదందురు. చర్మము ఎండి, వెండ్రుకలు రాలినవి. మాటకు మాటకు మధ్య చాలసేపు పట్టును. పిల్లలైతే ఎదుగుట నిలిచిపోయిరి. ఆ పదునొకండేండ్ల బాలికకు ఒక చెల్లెలుండెను. శస్త్రచికిత్సకు ముందు ఇద్దరును ఒక పోలికగా నుండిరి. ఇప్పుడు చెల్లెలు నిండు యువతియై నిలువగా, అక్క ఆమె ప్రక్కను పొట్టిగా, ఉబ్బిన ముఖముతో నిలిచెను. వారిద్దరి ఛాయాచిత్రములు నేటికిని వైద్యగ్రంథములలో ముద్రింపబడుచున్నవి. వాటిని చూచినవారు మరచిపోలేరు.

గ్రంథిలో కొంతభాగము మిగిల్చి కోసినవారు మాత్రము ఆరోగ్యముగానే యుండిరి. తేడా అక్కడనే బయలుపడెను. విచారకరమైన సంగతి యేమనగా, ఆయన నైపుణ్యమే వారికి కీడాయెను. తొందరగా, మోటుగా కోసిన వైద్యులు తెలియకయే కొంత గ్రంథిని విడిచిపెట్టుచుండిరి. కోఖర్ చేయి మిక్కిలి శుభ్రమైనది గనుక ఏమియు మిగులలేదు.

1883 ఏప్రిల్ 4వ తేదీన బెర్లిను నగరమున జర్మను శస్త్రవైద్యుల సభ జరుగుచుండెను. ఆ కాలపు గొప్పవారందరును అక్కడ కూడిరి. కోఖర్ లేచి, తన విజయముల లెక్క చెప్పుటకు మారుగా, తన చేతివలన చెడిపోయినవారి లెక్క వారి యెదుట చదివెను. ఇకమీదట సామాన్య గళగండమునకు గ్రంథిని మొత్తముగా ఎన్నడును తీయరాదని తీర్మానము చెప్పెను. అప్పటికి ఆయనకు నలువది రెండేండ్లు నిండలేదు, ఎదుగుచున్న పేరు. ఆ సభలో ఎవరును ఆయనను నిర్బంధింపలేదు. రోగులు దూరపు పల్లెలలో నుండిరి. నోరు మెదపకున్నను ఎవరికి తెలియును? ఆ సంవత్సరమే, గ్రంథి పోయిన రోగికి మరియొకరి గ్రంథి ముక్కను శరీరములో నాటి చూచెను కూడ. దాని మేలు నిలువలేదు.

తరువాత ఈ సంగతి మొదట కనుగొన్నది మేమంటే మేమని కోఖరునకును రెవెర్డిన్ పక్షమునకును దీర్ఘమైన వాదము నడచెను. మా ధ్యానభాగములో, తిరిగి పోయి చూతమన్న ఆ మంచి తలంపు వెంటనే మార్కు నిమిత్తము పౌలు బర్నబాలకు తీవ్రమైన భేదము కలిగి వారు వేరైపోయిరి. మంచి పనిలోను మనుష్యుడు మనుష్యుడే.

ఈ విధముగా లోకమునకు తెలిసివచ్చిన గ్రంథినిగూర్చి కొంత చెప్పవలెను. మన పాఠ్యపుస్తకములు దానిని అవటు గ్రంథి యనుచున్నవి. అది గొంతుముడి క్రింద, గాలిగొట్టమునకు ముందు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారమున నుండును. పెద్దవారిలో దాని బరువు ఇంచుమించు ఇరువది గ్రాములు. అది మనము తిను ఆహారములోని అయొడినును రక్తమునుండి తీసికొని హార్మోనులను తయారుచేసి మరల రక్తములోనికే విడుచును. శరీరమందలి ప్రతి అవయవమునకు అవి పోవును. పొయ్యిలో మంట ఎంత యుండవలెనో ఇల్లాలు చూచుకొనునట్లు, శరీరము ఎంత వేడిగా, ఎంత వేగముగా పనిచేయవలెనో ఈ హార్మోనులు చూచును. మెదడు అడుగున నున్న పిట్యూటరీ అను చిన్న గ్రంథి దీనికి ఎక్కువ తక్కువల ఆజ్ఞలిచ్చుచుండును.

మంట తగ్గినయెడల కోఖర్ రోగులకు వచ్చినవే వచ్చును: అలసట, చలి, మలబద్ధకము, ముఖమున వాపు, బొంగురు గొంతు, బరువు పెరుగుట, స్త్రీలకు నెలసరి హెచ్చగుట, మతిమరుపు, మనస్సున దిగులు. మంట మించినయెడల దీనికి విరుద్ధము: గుండెదడ, చెమటలు, చేతుల వణకు, నిద్రలేమి, ఎంత తినినను చిక్కిపోవుట, కొందరికి కన్నులు ముందుకు వచ్చుట. తల్లి గర్భములోనున్న శిశువు మెదడు ఎదుగుటకును ఈ హార్మోనే కావలెను. మొదటి నెలలలో శిశువు తల్లి హార్మోనుమీదనే ఆధారపడును. అందుచేత గర్భవతులు ఈ రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది.

మా సంఘములో ఒక సహోదరి ఆరాధనకు ఆలస్యముగా వచ్చి, ప్రసంగకాలమున నిద్రించుచుండెను. స్త్రీల సమాజమునకు రాదు. ఇంటిపని సాగదని అత్తగారు చెప్పిరి. మేము పేరెత్తకుండనే, సోమరి చీమలయొద్దకు పోవలెనను సామెతలనుండి ఒక ఆదివారము గట్టిగా బోధించితిమి. ఎవరినిగూర్చియో ఆమెకును సంఘమునకును తెలిసెను. తరువాత పట్టణములో వైద్యుడు రక్తము పరీక్షించి, ఆమె థైరాయిడ్ బహుగా తగ్గిపోయినదని చెప్పి మాత్రలిచ్చెను. కొన్ని నెలలకు ఆమె మారినది. ఈ సంగతి మాకు సంవత్సరము గడచిన పిమ్మట తెలిసెను, అదియు ఆమెవలన కాదు. మేము వారి యింటికి పోయి క్షమాపణ అడిగితిమి. ఆమె అయ్యగారికి టీ పెట్టి, అదేమియు లేదని చెప్పెను. ఆమెకు కలిగిన నొప్పిని ఆమె మాత్రమే యెరుగును.

మాత్రల చరిత్ర కూడ వినదగినదే. 1891లో ఇంగ్లాండులోని న్యూకాసిల్ పట్టణమున జార్జి మరీ అను యువవైద్యుడు గొఱ్ఱె థైరాయిడ్ గ్రంథి రసమును తీసి, నలువదియారేండ్ల రోగి యొకామెకు సూదితో ఎక్కించెను. ఆమె బాగుపడి, మరి ఇరువది యెనిమిది సంవత్సరములు బ్రదికి, 1919లో చనిపోయెను. 1895లో ఆ గ్రంథిలో అయొడిన్ ఉన్నదని జర్మనీలో బౌమన్ కనుగొనెను. 1914లో, సరిగా క్రిస్మసు దినమున, అమెరికాలో కెండాల్ అను శాస్త్రజ్ఞుడు ఆ హార్మోనును స్వచ్ఛమైన స్ఫటికములుగా వేరుచేసెను. నేటి మాత్ర ఆ థైరాక్సినే. ప్రార్థన చేసికొంటిమి గనుక మాత్ర మానివేసితిమని చెప్పు కొందరిని మేము చూచుచున్నాము. ప్రార్థన మానకుడి; మాత్రయు మానకుడి. లేని గ్రంథికి బదులు ఆ మాత్ర దేవుడిచ్చిన అన్నమువంటిది. వైద్యుడు చెప్పకుండ తగ్గించుటయు హెచ్చించుటయు కూడదు.

ఇక ఉప్పు సంగతి. కోఖర్ మరణించిన అయిదేండ్లకు, 1922లో, స్విట్జర్లాండులో ఉప్పులో కొద్దిగా అయొడిన్ కలిపి అమ్మసాగిరి. తరువాత పుట్టిన పిల్లలలో గళగండము అరుదై, ఆ లోయలలోని ఎదగని శిశువులు కనబడకపోయిరి. మన దేశమున హిమాలయపు దిగువ ప్రాంతములలో ఇదే బాధ యుండెను. 1956లో, నేడు హిమాచల ప్రదేశములోనున్న కాంగ్రా లోయలో, కొన్ని గ్రామములకు అయొడిన్ ఉప్పును, కొన్నింటికి మామూలు ఉప్పును ఇచ్చి, సంవత్సరములకొలది తిరిగి తిరిగి పిల్లల మెడలు చూచిరి. అయొడిన్ ఉప్పు తినిన గ్రామములలో గళగండము తగ్గిపోయెను. ఈ పనిని నడిపించినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడు, శ్రీకాకుళమున జన్మించి విశాఖపట్టణము ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు. 1962లో ప్రభుత్వము గళగండ నివారణ కార్యక్రమమును ఆరంభించెను. మన అంగడిలో ఉప్పు పొట్లముమీద నవ్వుచున్న సూర్యుని బొమ్మ యున్నయెడల అది అయొడిన్ కలిపినదని గురుతు. దానిని తడి తగులకుండ మూతగల డబ్బాలో ఉంచవలెను.

మరల కోఖరుయొద్దకు వత్తము. 1909లో థైరాయిడ్ గ్రంథినిగూర్చిన ఆయన పనికి నోబెలు బహుమానము లభించెను. శస్త్రవైద్యులలో ఆ బహుమానము పొందిన మొదటివాడు ఆయనే. 1912లో రెండు లక్షల ఫ్రాంకులు పరిశోధనల నిమిత్తము తన విశ్వవిద్యాలయమునకు దానముచేసెను. 1913లో రష్యా విప్లవనాయకుడు లెనిన్ తన భార్యను వెంటబెట్టుకొని బెర్న్ నగరమునకు రాగా, ఆమె థైరాయిడ్ వ్యాధికి కోఖరే శస్త్రచికిత్స చేసెను. దేవుడు లేడనువాని యింటివారిని మొరేవియను భక్తుడు బాగుచేసి పంపెను. పెద్దకుమారుడు ఆల్బర్ట్ తండ్రి ప్రక్కనే శస్త్రవైద్యుడుగా పనిచేసెను.

డెబ్బదియైదేండ్లు నిండినను ఆయన విశ్రాంతి కోరలేదు. 1917 జూలై 23వ తేదీ సాయంకాలమున అత్యవసరమైన రోగి యొకరు వచ్చిరని వైద్యశాలనుండి పిలుపు వచ్చెను. ఆయన పోయి శస్త్రచికిత్స ముగించెను. తరువాత ఒంటిలో బాగులేదని పరుండి, పడకమీదనే తన వ్రాతపని చూచుకొనుచుండెను. అటుపిమ్మట తెలివి తప్పి, జూలై 27వ తేదీన ప్రభువునందు నిద్రించెను.